సురవరము ప్రతాపరెడ్డిగారి రచనలు – మన వంటయింటి మాటలు



గతమాసమున నాగరుకర్నూలునుండి ఒక సోదరి మాకు లేఖ వ్రాసినది. "ఈ శీర్షికయందు మీరు కృష్ణకు ఆవలనున్న కవులనుగూర్చియు, పరదేశపు నవలాకర్తలనుగూర్చియు వ్రాయుచున్నారు. మన గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతములలో పద్యమును, నవలయు, నాటకమును వ్రాసినవారెవ్వరును లేరా? ఉన్నచో వారి గ్రంథములు ఇల్లు దిద్దుకొను మాబోటివారికి పనికివచ్చునవేనా?" అని ఆమె ప్రశ్న. మొదటి భాగమునకు ఉత్తరము సులభము: ఉన్నారు. రెండవ భాగమునకు ఉత్తరము చెప్పుటకే ఈ మాసపు పుటలను వినియోగించుచున్నాము.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన బోరవెల్లి గ్రామమున జన్మించిరి. స్వగ్రామము ఇటికాలపాడు. ఈ రెండు గ్రామములును నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనివి. తల్లిదండ్రులు రంగమ్మ, నారాయణరెడ్డిగార్లు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. చదివి, పిమ్మట న్యాయశాస్త్రమున పట్టము పొందిరి. హైదరాబాదునందు రెడ్డి వసతిగృహమునకు కార్యదర్శిగానుండి, అచ్చట చక్కని గ్రంథాలయమును పెంపొందించిరి. 1926 మే 10వ తేదీన గోలకొండ పత్రికను స్థాపించిరి. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీన స్వర్గస్థులైరి. వారి పేరు మరుగున పడలేదు. హైదరాబాదు ట్యాంకుబండుపై వారి విగ్రహమున్నది, 2025లో తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరుపెట్టు చట్టమును తెలంగాణ శాసనసభ ఆమోదించినది. కాని విగ్రహమునకు నమస్కరించుట వేరు, గ్రంథము తెరచుట వేరు.

వారు కలముపట్టిన కాలమెట్టిదో కొంచెము తెలిసికొనవలెను. నిజాము రాజ్యమున రాజభాష ఉరుదూ. పాఠశాలయందును, కచ్చేరియందును తెలుగునకు చోటు లేదు. 1921 నవంబరులో హైదరాబాదునందు ఒక సంఘసంస్కార మహాసభ జరిగినది. స్త్రీవిద్యకై జీవితమును ధారపోసిన కర్వేపండితుడే ఆ సభకు అధ్యక్షుడు. అట్టి సభలో ఒక ఆంధ్రుడు తెలుగున మాటలాడబోగా, సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ అవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టి, అది పెరిగి ఆంధ్రమహాసభయైనది. 1930లో జోగిపేటయందు జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు ప్రతాపరెడ్డిగారే అధ్యక్షులు. ఆ సందర్భముననే అచ్చట ఆంధ్రమహిళాసభయు జరుగగా నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. ఇంటిలో మాటలాడు భాషకు బయట గౌరవము లేనపుడు, ఆ భాషలోనే ప్రపంచమును తెలిసికొనవలసిన స్త్రీకి కలుగు నష్టమింతని చెప్పనలవికాదు. పురుషుడు కచ్చేరికిపోయి ఉరుదూ నేర్చుకొనును. ఇల్లాలికి తెలుగే దిక్కు. కావున తెలుగునకై జరిగిన పనియంతయు మనకై జరిగిన పనియే యని మా అభిప్రాయము.

ఇక వారి రచనలు. పద్యము వ్రాసిరి. శుద్ధాంతకాంత అను నవల వ్రాసిరి. భక్తతుకారామ్, ఉచ్ఛలవిషాదము అను నాటకములు వ్రాసిరి. నిజాము పాలనలోని వింతలను హాస్యముగా చూపు మొగలాయి కథలు వ్రాసిరి. హిందువుల పండుగలు, రామాయణవిశేషములు అను పరిశోధనగ్రంథములును కలవు. పండుగల గ్రంథము మన సోదరీమణులు తప్పక చదువదగినది. ఏ పండుగ ఎందుకు చేయుచున్నామో తెలిసి చేసినయెడల ఆ పూజ మఱింత శోభించును. తెలిసినంతమాత్రమున భక్తి తగ్గదు.

శుద్ధాంతమనగా అంతఃపురము. నవలకు అంతఃపురకాంత పేరుపెట్టిన ఈ రచయితయే, 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్రయందు అంతఃపురముల గడపదాటి, సామాన్యుల వంటయిండ్లలో ప్రవేశించెను. ఆ ప్రయాణమును తెలిసికొన్నచో వారి ప్రతిభ మనకు బోధపడును.

మన గద్వాలకు విద్వద్గద్వాలయని ప్రసిద్ధి. వనపర్తియు కవులను పోషించిన సంస్థానమే. కవులు ఏ దూరదేశమునుండియో వచ్చి, ప్రభువును కీర్తించి, శాలువలును వార్షికములును పొంది పోవుచుండిరి. అందు తప్పేమియు లేదు. ఆ పోషణమే లేకున్న మనకు మంచి కావ్యములు కొన్ని దక్కకపోవును. కాని అట్టి నేలపై పుట్టిన ప్రతాపరెడ్డిగారి దృష్టి ప్రభువులపై నిలువలేదు. రాజులు ఎవరితో యుద్ధముచేసిరి, ఎన్ని కోటలు గెలిచిరి అనునది రాజుల చరిత్ర. ఆ కాలమున జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ దేవతకు మ్రొక్కిరి అనునది మనచరిత్ర. ఈ రెండవదానినే వారు వ్రాయబూనిరి. బ్రిటనులో ట్రెవెల్యన్ పండితుడు ఆంగ్లేయుల సాంఘికచరిత్రను ప్రకటించినది 1944లో. ఆపై అయిదేండ్లకే తెలుగువారికిట్టి గ్రంథము లభించుట మన భాగ్యము. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తన బహుమానములను మొదటిసారిగా ఇచ్చినపుడు తెలుగులో ఆ గౌరవము పొందినది ఈ గ్రంథమే. అప్పటికి గ్రంథకర్త కీర్తిశేషులై రెండేండ్లయినది.

ఇచ్చట ఒక సందేహము కలుగును. రాజులకు శాసనములున్నవి. సామాన్యుని అన్నమును ఎవ్వరు రాతిపై చెక్కించిరి? ఈ చరిత్రకు ఆధారమేమి? ఆధారము కావ్యములే. పాలకురికి సోమనాథుని ద్విపదలు, కొఱవి గోపరాజు సింహాసనద్వాత్రింశిక, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మొదలగు గ్రంథములను వారు అలంకారములకై చదువలేదు. ఏ పద్యమున ఏ వంటకమున్నది, ఏ చీరయున్నది, ఏ యాటయున్నది అని వెదకుచు చదివిరి.

మేము బాల్యమున మా తండ్రిగారియొద్ద ఆముక్తమాల్యద పాఠము చదివినవారము. వర్షర్తువర్ణనయందు, ఇల్లాండ్రు నిప్పుకై ఇంటింటికి తిరుగుట, తడిసిన కట్టెలు రాజుకొనక పొగచూరి వంట సాగకపోవుట కవి వర్ణించును. ఆ నాడు మేము సమాసములకు విగ్రహవాక్యములు చెప్పి, అలంకారమును గుర్తించి, తండ్రిగారిచే మెప్పుపొంది పుస్తకము మూసితిమి. ఆ పద్యములలో ఒక స్త్రీ పొగలో కన్నీరు తుడుచుకొనుచున్నదని మాకు తోచలేదు. సాంఘికచరిత్ర చదివిన పిదపనే, చక్రవర్తియైన కృష్ణదేవరాయలు ఒక పేద యింటి పొయ్యివంక ఎంత నిదానించి చూచెనోకదాయని ఆశ్చర్యపడితిమి. పూర్వము చదివిన గ్రంథమే క్రొత్తకన్నులతో మరల చదివించుట మంచి గ్రంథమునకు లక్షణము.

అయితే ఈ పనిలో వారికి ఒక గొప్ప చిక్కు ఎదురైనది. కావ్యములలో భక్ష్యముల పేర్లు, ఆటల పేర్లు, నగల పేర్లు రాశులుగా నున్నవి. నిఘంటువు తెరచిన, "భక్ష్యవిశేషము", "క్రీడావిశేషము", "భూషణవిశేషము" అని వ్రాసి నిఘంటుకారులు చేతులు దులుపుకొన్న పదములు అనేకములు. విశేషమని చెప్పుదురు, ఆ విశేషమేమో చెప్పరు. తీపో కారమో, కాల్చినదో వేయించినదో తెలియదు. ప్రతాపరెడ్డిగారు ఇట్టి పదములతో పెనగులాడిన జాడలు ఆ గ్రంథమంతట కనబడును. ఒక కావ్యమునకు మఱియొక కావ్యమును సాక్ష్యముగా పిలిచి, పల్లెలలో నేటికిని నిలిచియున్న ఆచారములతో పోల్చి, అర్థమును సాధించుటకు ప్రయత్నించిరి.

మాకు జరిగిన చిన్న సంగతి ఒకటి విన్నవించెదము. ప్రాచీనకావ్యముల విందువర్ణనలలో "మండెగలు" అను పేరు కనబడును. మేమును నిఘంటువు తెరచితిమి. "ఒక భక్ష్యవిశేషము" అని యున్నది. మా వీధిలో రాయచూరు వైపునుండి అఱువదియేండ్లక్రిందట కోడలై వచ్చిన వృద్ధురాలొకామె కలదు. ఆమె ఒకనాడు మాయింట కూర్చుండి వత్తులు చేయుచుండగా, ఆ మాటను మేము పైకి చదివితిమి. ఆమె వత్తులు ఆపి, "మండెగలేందమ్మా, అవి మా మండిగెలే గద! మా తల్లిగారి ఊర్ల పెండ్లిళ్లల్ల చేస్తుండిరి" అని నవ్వినది. గోధుమపిండిని మెత్తగా కలిపి, మడువులు మడువులుగా సాగదీసి, చేతులపై పలుచని వస్త్రమువలె పఱచి, బోర్లించిన వేడిపాత్రపై కాల్చి, నేయియు చక్కెరపొడియు చేర్చి, వేడి ఆఱకమునుపే మడచిపెట్టవలెనట. ఆఱినపిదప మడవబోయిన విఱిగిపోవునట. మడచుట వచ్చిన చేయి ఊరికొకటో రెండో ఉండెడివట. ఆమెకు అక్షరములు రావు. కాని కావ్యమునకు ఆమె చెప్పిన వ్యాఖ్యానము ఏ పండితుడును మాకు చెప్పలేదు.

ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆమె వయస్సు ఎనుబది దాటినది. మేము ఆ మాటను పైకి చదువకున్నచో ఏమగును? ఆ అర్థము మా వీధిలో ఆమెతోనే అంతరించిపోయెడిది. నిఘంటుకారుడు తెలివితక్కువవాడు కాడు. అతని తల్లియో, భార్యయో, పొరుగింటి ముసలమ్మయో ఆ భక్ష్యమును ఎఱిగియుండవచ్చును. వంటయింటి గడపవఱకు పోయి అడుగవలెనని అతనికి తోచలేదు, అంతే.

ఇచ్చట ప్రతాపరెడ్డిగారి మఱియొక గ్రంథము స్మరణీయము. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు పూజ్యమను మాట ఒకటి ఆ దినములలో పుట్టినది. వారు దానికి కోపముతో వ్యాసము వ్రాసి ఊరకుండవచ్చును. అట్లుచేయక, ఊరూరికి కబురుపంపి, కవులను పలుకరించి, పద్యములు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందులో 354 మంది కవులున్నారు. కవులు లేకపోవుట కాదు, అడుగువాడు లేకపోవుటయే అసలు లోపమని ఆ సంచిక నిరూపించినది. స్త్రీల జ్ఞానమునుగూర్చియు మనము చెప్పదగినది ఇంతే. లేదు అనుట వేరు; అడుగలేదు అనుట వేరు.

సాంఘికచరిత్రయందు మాకు లోపముగా తోచినదానిని దాచుట ధర్మము కాదు. గ్రంథకర్తకు దొరకిన సాక్షులు కవులు. కవులలో పురుషులే మిక్కిలి. వారు పెండ్లికూతురి నగలను తలనుండి కాలివఱకు లెక్కించిరి గాని, పుట్టింటి గడప దాటునపుడు ఆమె మనసున ఏమున్నదో చెప్పుట అరుదు. విందులో వడ్డించిన వంటకములను వరుసగా పేర్కొనిరి. వండిన స్త్రీలు ఏ వేళ భుజించిరో, వారికి ఏమి మిగిలెనో వ్రాయలేదు. సాక్షి చూడనిది చరిత్రకారుడు వ్రాయజాలడు. కావున ఈ లోపము గ్రంథకర్తది కాదు, ఆధారములది. ఆ ఆధారములను ఇకముందైనను సమకూర్చవలసినది ఎవరు? ఆ పని మనది కాక మఱెవ్వరిది?

"మేమేమి వ్రాయగలము? మాకు తెలిసినది ఇల్లే కదా!" అని మీలో పెక్కండ్రు అనుకొందురు. ఆ ఇల్లే కావలసినది. మనచుట్టునున్న మాటలను చూడుడు. విసుఱురాయి అటకెక్కినది. గుమ్మి కనుమఱుగైనది. గురిగి, కాగు, ఉట్టి, చల్లకవ్వము అను మాటలు పిల్లలకు కథలలోనివలె వినబడుచున్నవి. గుజ్జనగూళ్లు అని కావ్యములలోనున్న ఆటను, చిన్ననాడు మనమందఱము చిట్టిచిట్టి పాత్రలలో ఇసుకను అన్నముగా వండి ఆడినవారమే. మన కుమార్తెలకు ఆ యాట తెలియునా? జొన్నగటక ఎట్లు కాచవలెనో, రొట్టెను నలిపి బెల్లము కలిపి మలీద ఎట్లు కట్టవలెనో మనము చెప్పకున్న, నూఱేండ్లకు ఒక నిఘంటువులో "మలీద – భక్ష్యవిశేషము" అని మాత్రమే మిగులును. తంగేడుపూల బతుకమ్మయెదుట నిలిచి ఆ ముద్దను పంచిపెట్టిన చేతుల సంగతి అందులో నుండదు.

మన గద్వాల చీరనే తీసికొందము. నూలుచీరకు పట్టు అంచును, పట్టు కొంగును కలిపి నేయుటయందే దాని ప్రత్యేకత. 2010లో దానికి భౌగోళికగుర్తింపు లభించినది గనుక పేరు నిలుచును. కాని కోటకొమ్మ అంచు అనగానెట్లుండునో, ఏ అంచు ఏ శుభకార్యమునకు పెట్టెడివారో, నూలునకు పట్టును అతికించునపుడు పోగునకు పోగు ఎట్లు ముడివేయుదురో నేతగాని ఇంటి ఇల్లాలు చెప్పవలెను; కట్టుకొన్న మన పెద్దలు చెప్పవలెను. వారు చెప్పనిచో రేపు ఏ నవలలోనైన "కోటకొమ్మ చీర" అని చదివిన బాలిక "వస్త్రవిశేషము" అను సమాధానముతో తృప్తిపడవలసివచ్చును.

నాగరుకర్నూలు సోదరి తన ఊరివారినే మఱచినది. కపిలవాయి లింగమూర్తిగారు ఆ ప్రాంతమువారే. 1928లో జన్మించి 2018లో కీర్తిశేషులగువఱకు పాలమూరు గ్రామములను, దేవాలయములను, స్థలచరిత్రలను, జానపదుల నోటనున్న సంగతులను సేకరించుచునే యుండిరి. ప్రతాపరెడ్డిగారు చూపిన బాట మన ప్రాంతమున పూడిపోలేదనుటకు వారు నిదర్శనము. అయితే ఎంతటి పరిశోధకుడైనను ప్రతి యింటి వంటగదిలోనికి రాజాలడు. అచ్చటికి పోగలవారు మనమే.

కావున మా మనవి ఇది. సాంఘికచరిత్రను తెప్పించుకొనుడు. మొదటినుండి తుదవఱకు ఒక్కబిగిని చదువనక్కఱలేదు. మధ్యాహ్నము పనులు తీరిన పిదప దినమునకు నాలుగు పుటలు చాలును. ఒంటరిగా చదువక, ఇంటనున్న పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని పైకి చదువుడు. భక్ష్యములును ఆటలును వచ్చినచోట ఆగి, "అత్తమ్మా, ఇది మీరెఱుగుదురా?" అని అడుగుడు. వారు చెప్పిన మాటను వారు పలికినట్లే ఒక పుస్తకమున వ్రాసికొనుడు. సంస్కరించి గ్రాంథికము చేయవలదు. పేరు, చేయు విధము, ఏ ఊరిలో ఏ దినమున చేసెడివారు, ఎవరు నేర్పిరి – ఈ నాలుగు సంగతులు చాలును. పనిమనిషిని, చాకలిని, కుమ్మరి ఇంటి అవ్వను సైతము అడుగుడు. మన యిండ్లలో లేని మాటలు వారియొద్ద నున్నవి.

మేము మా పుస్తకమున మొదటి పుటపై మండెగలను వ్రాసికొంటిమి. ఆ వృద్ధురాలు దానిని మాచే రెండుమాఱులు చదివించుకొని విని, "వేడిమీదనే మడవాలె అని రాసినవా?" అని అడిగినది. వ్రాసితిమని చెప్పగా, తల యూపి మరల వత్తులు చేయసాగినది.